గరిజెల డబ్బా మీద విచారణ

ఆ సోమవారం ఉదయం డోరా వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, టిఫిను, స్కూటీ, ఆఫీసు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని శాసనసభ వెబ్‌సైటు తెరవడం, విలీనం బిల్లు ఎప్పుడు సభలో పెడుతున్నారో కనిపెట్టడం. అంతే. ఆ పథకంలో తినుబండారాల ప్రస్తావన ఎక్కడా లేదు.

డోరా పనిచేసేది సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో, ఒక అద్దె మేడలో ఉన్న ప్రభుత్వోద్యోగుల నడవడి పర్యవేక్షణ సంస్థలో. ఆ పేరు పూర్తిగా పలికేసరికి ఫిర్యాదు చేయడానికి వచ్చినవాడి కోపం సగం చల్లారిపోతుంది. అందుకని అందరూ నడవడి ఆఫీసు అనే అంటారు. లంచం అడిగినవాడి మీద, కానుకలు పుచ్చుకున్నవాడి మీద, బావమరిదికి కాంట్రాక్టు కట్టబెట్టినవాడి మీద జనం అక్కడికి వెళ్లి చెప్పుకోవచ్చు. డోరాది అందులో శాసన విభాగం. విభాగమంటే ఒక బల్ల, ఒక కుర్చీ, డోరా. సభలోకి ఏ బిల్లు వస్తోంది, అందులో ఏ ముక్క తమ ఆఫీసుకు తగులుతుంది అని ఒక కంట కనిపెట్టి ఉండి కమిషనర్‌కు చెప్పడం ఆమె ఉద్యోగం.

ఈసారి ముక్క కాదు, బిల్లు మొత్తం వచ్చి తగిలేలా ఉంది. పని లేని సంస్థల విలీనం బిల్లు అని ఒకటి తయారవుతోందని పేపర్లలో వచ్చింది. పని లేని ఆఫీసులను ఎత్తేసి, వాటి దగ్గరున్న కాగితాలను ఆయా శాఖలకే అప్పగిస్తారట. ఏ ఆఫీసుకు పని లేదో ఎట్లా తేలుస్తారన్నది మాత్రం బిల్లు చూస్తే గాని తెలియదు. సభలో పెట్టేదాకా బిల్లు బయటికి రాదు. శీతాకాల సమావేశాలు ఆ వారమే మొదలవుతున్నాయి. నడవడి ఆఫీసులో మెట్ల మీద, నీళ్ల కుండ దగ్గర అదే చర్చ. మిగతావాళ్ల భయం బదిలీల గురించి. డోరా భయం లచ్చమ్మ గురించి.

లచ్చమ్మ అల్వాల్ నుంచి వచ్చి పద్మారావు నగర్ సందుల్లో ఆకుకూరలు అమ్ముకునే మనిషి. భర్త పోయాక రావలసిన పెన్షను కాగితం మీద సంతకానికి ఒక అధికారి చెయ్యి చాచాడని ఫిర్యాదు ఇచ్చింది. కమిషనర్ తిరుమల్ గారు దాన్ని "తగు చర్య నిమిత్తం" అని రాసి ఆ అధికారి ఉన్న ఆఫీసుకే పంపించారు. అక్కడ అది బల్లలన్నీ తిరిగి చివరికి ఆ అధికారి బల్ల మీదికే చేరింది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. ఆయన లచ్చమ్మకు ఫోన్ చేసి "నా మీదనే రాస్తవా?" అని పలకరించాడు.

మర్నాడు లచ్చమ్మ వచ్చి డోరా బల్ల ముందు నిలబడింది. "నువ్వు సదువుకున్నదానివి బిడ్డా. నా కాయితం వాని తానికే ఎట్ల పోయింది?" అని అడిగింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ అడగడానికే డోరాకు తల కొట్టేసినట్టయింది.

"మళ్లీ రాసివ్వు లచ్చమ్మా. ఈసారి అక్కడికి పోదు. ఇక్కడే విచారణ మొదలుపెట్టించే బాధ్యత నాది" అని మాటిచ్చింది. లచ్చమ్మ మళ్లీ రాయించి ఇచ్చి, వెళ్తూ వెళ్తూ బల్ల మీద ఒక కొత్తిమీర కట్ట పెట్టింది. డోరా ఆ కట్ట పట్టుకుని బస్టాపు దాకా పరుగెత్తి తిరిగి ఇచ్చేసి వచ్చింది. ఇప్పుడు ఆఫీసే ఎత్తేస్తే ఆ కాగితం మళ్లీ ఆ అధికారి బల్ల మీదికే పోతుంది. అది జరగనివ్వకూడదని డోరా పంతం.

కొత్తిమీర కట్టకు బస్టాపు దాకా పరుగెందుకంటే, నడవడి ఆఫీసులో ఏడో నియమం అని ఒకటుంది. ఈ ఆఫీసువాళ్లు తాము చూస్తున్న కాగితంతో సంబంధమున్న ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. తప్పనిసరై పుచ్చుకుంటే ఆ రోజే తెచ్చి ఆఫీసులో అప్పగించాలి. దాన్ని రాసింది తిరుమల్ గారే. ఆయన మంచివారు, భయస్తులు. పెళ్లిళ్లకు కూడా మంచినీళ్ల సీసా ఇంటి నుంచే తీసుకెళ్తారు. ఆయన హయాంలో ఒక్క విచారణ కూడా మొదలు కాలేదు. విచారణ అంటే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు కదా అని ఆయన నొచ్చుకుంటారు.

ఇక చిక్కు ఎక్కడుందంటే, మల్కాజ్‌గిరిలో డోరా వాళ్ల ఎదురింట్లో ఉంది. అక్కడుండే పురుషోత్తం శాసనసభ ఆఫీసులో బిల్లుల సెక్షన్‌లో పని చేస్తాడు. విలీనం బిల్లు ఆయన చేతుల మీదుగానే పోతోంది. తలుపు తట్టి ఒక్క మాట అడిగితే తేలిపోయే సంగతి. కానీ డోరా అడిగే మనిషి కాదు, పురుషోత్తం చెప్పే మనిషీ కాదు. బిల్లు సంగతి పేపర్లో వచ్చినప్పటి నుంచి ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడితే చలి గురించి కూడా మాట్లాడుకోవడం మానేశారు. ఈ వారం రెండిళ్ల మధ్య పిండివంటల రాకపోకలు కూడా బంద్ పెట్టాలని డోరా నిశ్చయించుకుంది. నిశ్చయించుకున్న సంగతి అత్తగారికి చెప్పడమే మరిచిపోయింది.

స్కూటీ తాళాలు చేతిలోకి తీసుకుంటుండగా అత్తగారు సువార్తమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి ఎన్నేళ్లయినా ఆవిడ మాట, ఆవిడ వంట మారలేదు.

"ఎదురింటికి క్రిస్మస్ వంటలు పంపించేశానమ్మా. నా స్టీలు డబ్బా నిండా గులాబీ పువ్వులు, పైన కేకు ముక్కలు" అంది సంతోషంగా. గులాబీ పువ్వులంటే పూలు కావు, అచ్చుతో నూనెలో వేసి తీసే తీపి వంటకం. సువార్తమ్మ వేస్తే వాటిని తినడానికి మనసొప్పదు, తినకుండా ఉండడానికీ ఒప్పదు.

డోరా తాళాలు కింద పెట్టేసింది. "ఎప్పుడు పంపారు అత్తయ్యా?"

"పొద్దున్నే. పురుషోత్తం గారే తలుపు తీశారు. రెండు చేతులా అందుకున్నారు."

"ఈ వారం వాళ్లకి మనమేమీ ఇవ్వకూడదత్తయ్యా!"

"ఏం, వాళ్లింట్లో ఎవరన్నా పోయారా?"

"లేదు. మా ఆఫీసుని ఎత్తేసే బిల్లు ఆయన దగ్గరుంది. ఇలాంటప్పుడు కేకులు పంపిస్తే ఏమనుకుంటారు?"

"బాగుందనుకుంటారు. ఆఫీసు ఆఫీసే, ఇరుగుపొరుగు ఇరుగుపొరుగే" అని సువార్తమ్మ తీర్పు చెప్పి లోపలికి వెళ్లిపోయింది. కొడుకు జెఫ్రీ రైల్వే డ్యూటీ మీద ఊరు దాటి ఉన్నాడు కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

డోరా ఎదురింటి తలుపు తట్టింది. పురుషోత్తం భార్య రజిత తలుపు తీసి, "రా అక్కా, మంచిగొచ్చినవ్. డబ్బా తెద్దామనే ఉన్న" అంది. స్టీలు డబ్బా అప్పటికే కడిగి తుడిచి ఉంది. రజిత అందులో గరిజెలు పేరుస్తోంది. లోపల కొబ్బరి, బెల్లం, నువ్వులు కూరి, అంచులు అల్లి, ఎర్రగా వేయించిన గరిజెలు.

"గరిజెలొద్దు రజితా. డబ్బా ఒక్కటే ఇవ్వు."

రజిత చేతిలో గరిజె అట్లాగే ఆగిపోయింది. "ఖాళీ డబ్బానా? గట్లెట్ల ఇస్తరక్కా? ఎవలన్న ఇస్తరా?"

ఎవరూ ఇవ్వరు. వండి పంపిన గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే చారెడు చక్కెరైనా పోసి ఇవ్వాలి. ఆ నియమానికి నంబరు లేదు, రాసిన కమిషనర్ లేడు, మీరినవాళ్లూ లేరు. డోరాకు అది తెలియక కాదు. కానీ ఆమె నెత్తి మీద ఏడో నియమం కూర్చుని ఉంది.

"పోనీ, అత్తయ్య పంపిన కేకు వెనక్కివ్వు. లెక్క సరిపోతుంది" అంది డోరా, తన నోటి నుంచి ఆ మాట వస్తున్నందుకు తానే సిగ్గుపడుతూ.

"కేకా? ఆయన తిన్నడు. ఆఫీసుకు పోయేటప్పుడు నిలబడి తిన్నడు."

"గులాబీ పువ్వులు?"

"అవి సుత" అంది రజిత. అని డోరా ముఖం చూసింది. చూసి ఆమె వేరే ఏదో అర్థం చేసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకు సమజైంది అక్కా. ప్రసాదం అనుకుంటున్నవ్. ఒట్టక్కా, ఇవి దేవుని ముందల పెట్టలే. మీరు తినరని నాకెర్క లేదా? పొయ్యి మీదికెల్లి సీదా మీ డబ్బాలకే."

డోరా మనసు చివుక్కుమంది. ఏ పండగ వచ్చినా దేవుడి ముందు పెట్టకముందే ఎదురింటి వాటా తీసి పక్కన దాచే మనిషి రజిత. అట్లాంటి మనిషి చేత ఒట్లు వేయించడం ఏ నియమానికీ న్యాయం కాదు. డోరా ఇంకేం మాట్లాడలేక డబ్బా పుచ్చుకుంది. పుచ్చుకున్నది కాబట్టి ఆ రోజే ఆఫీసులో అప్పగించాలి. స్కూటీ ముందు భాగంలో కాళ్ల మధ్య డబ్బా పెట్టుకుని, మెట్టుగూడ ట్రాఫిక్‌లో గరిజెల వాసన పీలుస్తూ, చిలకలగూడ మీదుగా పద్మారావు నగర్ చేరింది.

తిరుమల్ గారు డబ్బాను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏమిటది డోరా గారూ?"

"గరిజెలు సార్. అప్పగిస్తున్నాను." డోరా జరిగిందంతా దాచకుండా చెప్పింది. కేకు పంపిన సంగతి, పురుషోత్తం నిలబడి తిన్న సంగతి, రజిత కళ్లనీళ్లు, అన్నీ.

"బిల్లుల సెక్షనా!" అన్నారాయన. మూతకు వేలు తగలకుండా డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "వెంటనే తిప్పి పంపేయాలి. ఇంటికి కాదు, ఇంటికి పంపిస్తే చాటుమాటు వ్యవహారంలా ఉంటుంది. ఆఫీసుకే పంపాలి. ఉత్తరంతో సహా. అందరూ చూస్తుండగా."

"సార్, ఆయన పరువు పోతుంది."

"పారదర్శకత డోరా గారూ, పారదర్శకత" అన్నారు తిరుమల్ గారు. ఆ మాట ఆయన భయం పుట్టినప్పుడల్లా అంటారు.

ఉత్తరం తయారైంది. మీరు మా ఉద్యోగినికి ఇచ్చిన పదార్థాన్ని ఉన్నది ఉన్నట్టుగా తిరిగి పంపుతున్నాము, అందినట్టు సంతకం చేయగలరు అని దాని సారాంశం. దాన్ని రాయడానికి, దిద్దడానికి, దిద్దిన దాన్ని మళ్లీ ముందున్నట్టే మార్చడానికి మధ్యాహ్నమైంది. అంతసేపూ డబ్బా అటెండరు బిక్షం బల్ల మీద ఉంది. అదే జరిగిన పొరపాటు.

బిక్షం చెడ్డవాడు కాదు. ఎండకు గరిజెలు పాడయ్యాయేమోనని అనుమానం వచ్చి ఒకటి తిని చూశాడు. పాడవలేదు. మెట్ల మీదుగా పోయే పక్క విభాగం వాళ్లకూ అదే అనుమానం వచ్చింది. వాళ్లూ తిని చూసి నిర్ధారించారు. ఉత్తరం చేతికి వచ్చేసరికి డబ్బాలో నువ్వులు మిగిలాయి. ఖాళీ డబ్బా తీసుకెళ్లి ఒక పెద్దమనిషి చేతిలో పెట్టడానికి బిక్షం ప్రాణం ఒప్పలేదు. ఉద్యోగం నడవడి ఆఫీసులోనే అయినా పెరిగింది అమ్మ చేతుల్లో కదా. దారిలో ఇరానీ హోటల్ దగ్గర జీపు ఆపించి, సొంత జేబులోంచి డబ్బులు పెట్టి ఉస్మానియా బిస్కట్లు కొని, డబ్బా నిండా పోసి మూత పెట్టాడు.

బిల్లుల సెక్షన్‌లో అందరూ ఉన్న వేళ చూసి బిక్షం గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగాడు. "పురుషోత్తం సారెవలు? నడవడి ఆఫీసు నుంచొచ్చిన. సంతకం గావాలె."

మూలనున్న ఒకాయన సొరుగు మెల్లగా మూసి తాళం వేసుకున్నాడు. పురుషోత్తం పక్కన కూర్చునే ఆయన కుర్చీని కొంచెం దూరం జరుపుకున్నాడు. పురుషోత్తం ఉత్తరం చదివి, చెమట తుడుచుకుని, మూత తీశాడు.

"గరిజెలని రాసిన్రు. బిస్కట్లున్నయేంది?"

"అవ్వే సార్" అన్నాడు బిక్షం, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

సెక్షన్ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని డబ్బాలోకి తొంగి చూశాడు. నడవడి ఆఫీసువాళ్లు నోటీసుతో పాటు బిస్కట్లు పంపారంటే ఇందులో ఏదో మర్యాద ఉందని ఆయనకు తోచింది. అప్పుడే టీ వచ్చింది. టీ వచ్చాక ఉస్మానియా బిస్కట్లు ఊరికే ఉండవు. అయిపోయాక, "ఖాళీ డబ్బా పంపుతమా? ఏం బాగుంటది?" అన్నాడు పెద్దాయన. వద్దు సార్, వద్దు సార్ అని పురుషోత్తం మొత్తుకుంటూనే ఉన్నాడు. తలా కొంచెం వేసుకుని డబ్బా నిండా బాదుషాలు తెప్పించారు.

సాయంత్రం ఆ డబ్బా తిరుమల్ గారి బల్ల మీదికి చేరింది. ఆయన మూత తీయించి చూశారు. బాదుషాలు పాకంలో మెరుస్తున్నాయి.

"గరిజెలు పంపిస్తే బాదుషాలెట్లా అయ్యాయి బిక్షం?"

బిక్షం నేల చూపులు చూస్తూ ఉన్నది చెప్పేశాడు. వింటున్నకొద్దీ తిరుమల్ గారు కుర్చీలో కిందికి జారిపోయారు. "అంటే... బిల్లుల సెక్షన్‌కు... మన ఆఫీసు... కానుక పంపిందా?"

"కానుక గాద్సార్. బిస్కట్లు."

"వాళ్లు మళ్లీ మనకు పంపారా?"

"అవ్ సార్. వద్దంటే వినలే."

ఇతరులు కానుకలు పుచ్చుకుంటున్నారేమో చూడవలసిన ఆఫీసు, తనను ఎత్తేసే బిల్లు చూస్తున్న సెక్షన్‌తో పట్టపగలు ప్రభుత్వ జీపులో మిఠాయిలు మార్చుకుంది. కంచే చేను మేసింది. గోరుచుట్టుపై రోకలిపోటులా అదే సమయానికి డోరా ఫోన్ మోగింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు పురుషోత్తం. గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువుంది. "పొద్దుగాల కేకు పంపి పగటాల నోటీసు పంపుతవా? గా మాట నాకు మెట్ల మీద చెప్పరాదా? సెక్షన్ల నా దిక్కు అందరు దొంగను చూసినట్టు చూస్తున్నరు. వరండాల టీవీలోడు సుత డబ్బా ఫొటో తీసుకుండు."

టీవీ వాడు ఊరికే తీయలేదు. కాసేపటికి ఒక చానెల్లో కింద గీతలా వార్త పరుగెత్తింది. నడవడి ఆఫీసు నుంచి బిల్లుల సెక్షన్‌కు డబ్బా. లోపల ఏముంది? ఆ ప్రశ్న పక్కన స్టీలు డబ్బా బొమ్మ గుండ్రంగా తిరుగుతోంది. సువార్తమ్మ పెళ్లినాటి డబ్బా, మూత మీద ఆవిడ పేరు చెక్కి ఉంది. ఆ పేరు చూసి చానెల్ వాళ్లు సువార్త ఎవరు అని రెండో ప్రశ్న కూడా వేశారు.

తిరుమల్ గారు తల పట్టుకున్నారు. "ఎవరో ఫిర్యాదు పంపేస్తారు. రేపటికి వచ్చేస్తుంది. వస్తే ఏం చేయాలి? అలవాటు ప్రకారం తగు చర్య నిమిత్తం అని రాసి..." అని ఆగిపోయారు.

"ఎక్కడికి పంపుతారు సార్?" అంది డోరా. "ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్ల ఆఫీసుకు పంపడం మన అలవాటు. ఇది మన మీదే కదా."

తిరుమల్ గారు ఆ కాగితం బయలుదేరి, తిరిగి తన బల్ల మీదికే రావడం ఊహించుకున్నట్టున్నారు.

"విచారణ మొదలుపెట్టండి సార్" అంది డోరా. "నా మీదే. డబ్బా మా ఇంటిది, వంట మా అత్తయ్యది, తెచ్చింది నేను. అభియోగం నేనే రాసిస్తాను."

"మీకు తెలుస్తోందా ఏమంటున్నారో? మీ ప్రమోషన్ ఆగిపోతుంది. సస్పెన్షన్ దాకా పోవచ్చు."

తెలుస్తూనే ఉంది. డోరాకు లోపల భయంగానే ఉంది. కానీ లచ్చమ్మ కాగితం సొరుగులో పెట్టుకుని, తన డబ్బాను మాత్రం బీరువా వెనక దాచుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. "లచ్చమ్మ మళ్లీ వస్తుంది సార్. ఊళ్లో వాళ్లందరికీ ఒక నియమం, నాకొక నియమం అని ఆమెకెట్లా చెప్పను?" అంది.

తిరుమల్ గారు పెన్ను మూత రెండుసార్లు తీసి, రెండుసార్లు పెట్టారు. అయినా సంతకం పడింది. ఆ ఆఫీసులో ఆయన హయాంలో మొదటి విచారణ డోరా మీద మొదలైంది. మూత మీద లక్కతో సీలు వేసి, బాదుషాలతో సహా డబ్బాను బీరువాలో పెట్టారు.

ఇంటికి వెళ్లేసరికి సువార్తమ్మ గుమ్మంలోనే ఉంది. "నా డబ్బా టీవీలో తిరుగుతోందేంటమ్మా? ఇంటికెప్పుడొస్తుంది?"

"దానికి సీలు వేశారు అత్తయ్యా. నా మీద విచారణ జరుగుతుంది."

"వండింది నేనైతే నీ మీద విచారణేంటి? నేనొస్తాను పద. ఆ కమిషనర్‌ని నా మొహం చూసి అడగమను" అంది సువార్తమ్మ. ఆ మాట వినగానే పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు డోరాకు ఆగలేదు. సువార్తమ్మ కంచంలో అన్నం పెట్టి తెచ్చింది. ఎదురింటి తలుపు ఆ సాయంత్రం తెరుచుకోలేదు.

మర్నాడు ఉదయం సభ మొదలైంది. విలీనం బిల్లు మొదటి అంశం. నడవడి ఆఫీసు మొత్తం డోరా బల్ల చుట్టూ మూగింది. తన మీద విచారణ నడుస్తున్నా బిల్లును కనిపెట్టడం మాత్రం ఆమె పనే, దాన్ని ఇంకొకళ్లకు ఇవ్వలేదు. మంత్రి లేచి బిల్లు పెట్టారు. కాసేపటికి అది వెబ్‌సైటులోకి వచ్చింది. డోరా చివరి పేజీ ముందు తెరిచింది. పరిశీలించవలసిన సంస్థల పట్టికలో నడవడి ఆఫీసు పేరు ఉంది, పూర్తి పేరుతో సహా. ఎవరో "అయిపోయింది" అన్నారు. తిరుమల్ గారు మంచినీళ్ల సీసా మూత తీసి, తాగడం మరిచిపోయి, మళ్లీ పెట్టేశారు.

డోరా అక్కడితో ఆగలేదు. మొదటికి వచ్చి ఒక్కొక్క వాక్యమే వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. రెండో పేజీలో వేలు ఆగింది. ఆ వాక్యం పైకి చదివింది. "పని లేని సంస్థ అనగా, ఈ బిల్లు సభలో ప్రవేశపెట్టిన నాడు గాని, ఆ తర్వాత ఏ నాడైనా గాని, ఒక్క విచారణ కూడా నడుస్తూ ఉండని సంస్థ. విచారణ నడుస్తున్నంత కాలం ఏ సంస్థనూ విలీనం చేయరాదు."

ముందుగా బిక్షం నోరు తెరిచాడు. "మన దగ్గర నడుస్తున్నది గద మేడం?"

"నడుస్తోంది."

"ఎవలి మీద?"

"నా మీద" అంది డోరా.

ఆ తర్వాత పుట్టిన కేకలకు కింద అంతస్తులో ఉన్న ఇంటివాళ్లు పైకి వచ్చి చూశారు. నిన్న డోరాతో మాట్లాడితే తమకూ అంటుకుంటుందేమోనని తప్పుకు తిరిగినవాళ్లు ఈ రోజు ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. తిరుమల్ గారు ఆమెను గదిలోకి పిలిచి, కూర్చోమని, ఇంతకుముందెన్నడూ లేనంత మృదువుగా మాట్లాడారు.

"డోరా గారూ, మీ విచారణకు తొందరేమీ లేదు. నిదానంగా చేద్దాం. సాక్షులను పిలుద్దాం, వాయిదాలు వేద్దాం. నా రిటైర్మెంటు దాకా... కావాలంటే మీ రిటైర్మెంటు దాకా నడుపుదాం. ఆఫీసు చల్లగా ఉంటుంది."

"కుదరదు సార్."

"ఏం, ఎందుకు కుదరదు?"

"నేను రేపే ఒప్పేసుకుంటాను. మా ఇంటి నుంచి ఇచ్చాం, వాళ్లింటి నుంచి పుచ్చుకున్నాం, రెండూ నిజమే. ఒప్పుకున్నాక విచారణలో ఇంకేముంటుంది? శిక్ష రాసి ముగించాలి."

"అయ్యో, ముగిస్తే ఆఫీసే ముగిసిపోతుందండీ!" తిరుమల్ గారు దాదాపు చేతులు జోడించారు.

"అయితే నాది ముగిసేలోగా ఇంకొకటి మొదలుపెట్టండి" అని డోరా లచ్చమ్మ ఫిర్యాదు తీసి ఆయన ముందు పెట్టింది. "దీన్ని ఈసారి ఎక్కడికీ పంపకండి సార్. ఆ అధికారినే ఇక్కడికి పిలవండి."

తిరుమల్ గారు ఆ కాగితం వైపు చూశారు. కిటికీలోంచి ఆఫీసు బోర్డు వైపు చూశారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. విచారణ పెడితే ఒక అధికారి నొచ్చుకుంటాడు. పెట్టకపోతే తన కుర్చీయే ఉండదు. ఎవరు నొచ్చుకుంటే నయమో ఆలోచించడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. రెండో సంతకానికి పెన్ను మూత ఒక్కసారే తీశారు.

మర్నాడు డోరా తప్పు ఒప్పుకుంది. ఇకపై జాగ్రత్తగా ఉండవలసిందని మందలిస్తూ ఉత్తరం ఇచ్చారు. బిక్షానికి కూడా ఒకటి ఇచ్చారు. సీలు తీసి డబ్బాను డోరాకు అప్పగించారు. ప్రమోషన్ ఒక ఏడాది వెనక్కి పోయింది. అది డోరాకు కష్టంగానే ఉంది, కష్టంగా లేదని ఆమె ఎవరితోనూ అబద్ధమాడలేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద పురుషోత్తం ఎదురుపడ్డాడు. ఇద్దరూ ఆగారు. "మీకు నోటీసు పంపింది మేమే అన్నా. మీ పరువు తీసిన పాపం నాదే. క్షమించండి" అంది డోరా.

"నా పరువుకేమైందమ్మా, వారమైతే మర్చిపోతరు" అన్నాడు పురుషోత్తం. "గా రెండో పేజీ సంగతి నాకు మొదటి సంది ఎర్కనే. చెప్తె నా నౌకరికి ద్రోహం. చెప్పకుంటె నీ ఆఫీసు పాయె. అన్నం సుత మింగుడు పడలే. నువ్వడుగుతవేమో అని రోజూ భయపడ్డ. నువ్వు అడగకపోతివి, నేను చెప్పకపోతిని. గదే మంచిగైంది." లోపలి నుంచి రజిత "అక్కా, బాగున్నవా?" అని కేకేసింది. బాగున్నానని డోరా అక్కడి నుంచే గట్టిగా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే లచ్చమ్మ ఆకుకూరల గంప గుమ్మం బయట దింపి ఆఫీసులోకి వచ్చింది. ఎప్పటిలాగే బల్ల ముందు నిలబడి, ఎప్పటిలాగే అడిగింది. "నా కాయితం మల్ల వాని తానికే పాయెనా బిడ్డా?"

"పోలేదు లచ్చమ్మా" అంది డోరా. "ఈసారి వాడే నీ కాగితం దగ్గరికి వస్తున్నాడు. రేపే, శుక్రవారం. నువ్వు కూడా రా, ఎదురుగా కూర్చుందువు గాని."

లచ్చమ్మ కాసేపు నమ్మలేదు. నమ్మాక కొంగుతో ముఖం తుడుచుకుని, డోరా భుజం మీద చెయ్యి వేసి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగేదాకా కిటికీలోంచి చూసి, తిరుమల్ గారు తన హయాంలో మొదటిసారిగా, ఇంకా ఫిర్యాదులేమైనా మిగిలాయా అని బిక్షాన్ని అడిగారు.